బొమ్మతల్లుల గది

రైడ్ ఎక్కే ఎత్తు లేని పిల్లల కోసం ఆ పార్కులో బొమ్మతల్లుల గది ఉంది. తల్లి తిరిగొచ్చేదాకా ఆమె ముఖమూ గొంతూ పెట్టుకున్న యంత్రం బిడ్డను ఆడిస్తుంది. హైమ పెద్దకొడుకుతో రోలర్ కోస్టర్ దిగి వచ్చేసరికి, రెండేళ్ల లౌక్య ఆ యంత్రం ఒళ్లో నవ్వుతోంది.

"దా బిడ్డా, పోదాం," అంది హైమ. రైడ్‌లో అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

"దా బిడ్డా, పోదాం," అంది యంత్రం, పొద్దుటి హైమ గొంతుతో.

లౌక్య యంత్రం మెడను కరుచుకుంది. హైమ చెయ్యి చాచబోతే కాపలా అమ్మాయి అడ్డుకుంది.

"గుంజొద్దు మేడమ్. తల్లెవరో పాపనే చెప్పాలె. ఈడ రూలది."

హైమ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏం చెయ్యాలో తోచక, దూరం నుంచే పాపకు దిష్టి తీసి, కణతలకు వేళ్లు ఆనించి మెటికలు విరిచింది. టపటపమన్నాయి. యంత్రమూ అలాగే చేసింది. దాని వేళ్లు చప్పుడు చెయ్యలేదు.

రోజూ స్నానమయ్యాక వినే చప్పుడది. లౌక్య ఒళ్లోంచి జారి పరుగెత్తుకొచ్చింది.

పాపను చంకనేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని హైమ గబగబా గేటు వైపు నడిచింది. వెనక గదిలోంచి టపటపా మెటికలు విరిచిన చప్పుడు వినబడింది.

లౌక్య తల తిప్పి చూసింది.