ఆరు గంటల పని

“గంటకు ఇరవై రూపాయలా? మిషను నిలబడి బీడీ తాగినా లెక్కేనా?”

టీ అంగడి ముందు ఏసన్న అలా అడిగేసరికి అందరూ పగలబడి నవ్వారు. లక్ష్మన్నకు మాత్రం నవ్వు రాలేదు. ఎట్లా వస్తుంది? ఆరెకరాలు తాకట్టు పెట్టి కొన్న మిషను రెండు నెలలుగా ఊరి బయట ఊరకే పడి ఉంది.

అది 1956. హొసపేటలో డ్యాం పని ముగిశాక ఒక కంట్రాక్టరు అమ్ముతున్నాడని విని, పోయి తెచ్చుకున్నాడు. చక్రాలకు బదులు ఇనుప గొలుసు పట్టాలు, ముందర మట్టిని తోసి ఎత్తే పెద్ద తొట్టి. వంద మంది పని ఒక్కటే చేస్తుందన్నారు. చేస్తుంది కూడా. ఎవరైనా చేయించుకుంటే కదా!

డీజిలు, డ్రైవరు జీతం అన్నీ చూసుకుని గంటకు ఇరవై అని ధర కట్టాడు. ఆదోని పక్క ఆ పల్లెలో బావి తవ్వినా, గట్టు వేసినా పని మొత్తానికి ఇంత అని గుత్తకే మాట్లాడుకుంటారు. గంటల లెక్క వాళ్లెప్పుడు విన్నారు? ఇళ్లలో గడియారాలే లేవు. పైగా ఆ ఇరవై రూపాయలు పారేస్తే ఇరవై మంది కూలోళ్లు పొద్దస్తమానం తవ్వుతారు.

ఉంచుకుంటే అప్పు, అమ్ముకుందామంటే కొనే మొనగాడు లేడు. నెలాఖరులోపు ఎంతో కొంత కట్టకపోతే పొలం పోతుంది.

అట్లాంటప్పుడు మొదటి బేరం వచ్చింది. తెచ్చింది ఉరుకుందమ్మ.

ఆమెను చూడగానే లక్ష్మన్న గుండె జారిపోయింది. ఆమె బావి సంగతి ఊరందరికీ తెలుసు. మొగుడు బొజ్జన్న మొదలుపెట్టాడు. బండ విరిగి మీద పడి అందులోనే పోయాడు. పెద్దకొడుకు మహానంది అందుకున్నాడు. రాయికి పెట్టిన మందు ముందే పేలి వాడూ పోయాడు. ఎనిమిది నిలువుల లోతు. చుక్క నీరు లేదు. ఇప్పుడు మిగిలిన ఒక్క కొడుకు చిన్న ఈరన్న రోజూ తెల్లారగానే గడ్డపార తీసుకుని అందులోకి దిగుతున్నాడు. ఎవరు చెప్పినా వినడు. “నాయన తవ్విన బావి. అన్న తవ్విన బావి. నీళ్లు చూడకుండా ఒదల్ను” అంటాడు. మొండిఘటం!

“నీ మిషను వస్తే నా కొడుకు ఆ బావిలోకి దిగే పనుండదు గదప్పా?” అని అడిగింది ఉరుకుందమ్మ.

“ఉండదు గానీ అక్కా...”

“ఒక్కడే మిగిలినాడప్పా నాకు. వాడు దిగినప్పటి నుంచి పైకొచ్చేదాకా నాకు కూడు పోదు. ఒడ్డు మీద మట్టీ రాళ్లూ కొండ మాదిరి పడుండాయి. ఆ దిబ్బ తోసేదానికి ఎన్ని గంటలు పడతాది?”

దిబ్బ తీస్తేనే కదా మిషను లోపలికి దిగడానికి దారి చేసేది! లక్ష్మన్న లెక్క వేశాడు.

“ఆరు గంటలు. అదీ దిబ్బకే అక్కా. అవతల అంతా బండే. దానికి ఎన్ని గంటలో ఆ దేవునికే తెలియాల. నా మాట ఇను. నీకెందుకీ కర్సు?”

“ఆరు గంటలు” అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆమె వెళ్లిపోయింది.

మూడో రోజు వచ్చి నూటిరవై రూపాయలు అతని చేతిలో పెట్టింది.

“ఇన్ని దుడ్లు యాడివక్కా?”

“ఎద్దులమ్మిన. కరువులో అంతకు మించి ఎవురిస్తారు?”

“ఎద్దులమ్మితివా! రేపు నీళ్లు పడితే, అవి తోడే కపిల దేంతో తోల్తావు?”

“అది తర్వాత మాట. నిన్న అమ్మిన. ఎద్దులు యాడమ్మా అని గూడా అడగలేదు వాడు. బావి తప్ప వాని కండ్లకు ఇంకేమీ కనపడదు.” ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “వచ్చే సోమారం ఉరుకుంద గుడికి పోతాడు, ఈరన్నసామి కాడికి. ఆ పొద్దు రా. వాడుంటే పని సాగనియ్యడు.”

నాయన బావిని ఇంకొకరు ముట్టుకుంటే పౌరుషం కాబోలు అనుకున్నాడు లక్ష్మన్న.

సోమవారం దాకా అతను అదే లెక్క వేసుకుంటూ ఉన్నాడు. ఆరు గంటలకు దిబ్బ పోతుంది, అంతే. బావి జానెడు కూడా లోతు కాదు. మొగుణ్ణీ కొడుకునూ పోగొట్టుకున్న మనిషి ఎద్దులమ్మి ఇచ్చిన సొమ్ము! తిరిగి ఇచ్చేస్తే తన ఆరెకరాలు ఏమవుతాయి? థూ, ఏం బతుకిది అని తనను తానే తిట్టుకున్నాడు. డబ్బు మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు.

సోమవారం పొద్దున మిషను గడగడలాడుతూ ఆమె చేనికి పోయింది. బావి ఒడ్డున ఉరుకుందమ్మ ఒక్కతే కాచుకుని ఉంది. ఆమెను చూశాక లక్ష్మన్న ఇక ఉండబట్టలేక జేబులో డబ్బు బయటికి తీశాడు.

“ఇప్పటికైనా మించిపోయింది లేదక్కా. ఇదో నీ దుడ్లు. ఎద్దులు ఎనక్కి తెచ్చుకో. నా పాట్లు నేను పడతా.”

ఆమె చెయ్యి చాపలేదు.

“పొద్దు గూకేలోపల వాడొచ్చేస్తాడు లక్ష్మన్నా. మాటలతో గంటలు పోగొట్టాకు. మొదలుపెట్టు.”

చేసేది లేక లక్ష్మన్న సైగ చేశాడు. డ్రైవరు తొట్టిని కిందికి దించి దిబ్బకు ఆనించాడు.

“సరే అక్కా. ఈ దిబ్బంతా ఎటు పక్కకు తొయ్యమంటావు?”

“బావిలోకే తొయ్యప్పా, పైదాకా నిండేటట్ల” అంది ఉరుకుందమ్మ.