పేరొక్కటే చెప్పాలి

పోటీ మొదలవబోతుండగా ఒక ముసలావిడ నేరుగా స్టేజీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నా పేరు కూడా రాసుకోండి బాబూ."

విశ్వనాథం కళ్లజోడు పైనుంచి చూశాడు. బొగ్గు కంపెనీలో పెద్ద ఆఫీసరు, బిలాస్‌పూర్ తెలుగు సంఘానికి కార్యదర్శి. సంగీతం క్విజ్ పెట్టాలన్నది ఆయన ఆలోచనే. గోల్ బజార్లో స్టాప్‌వాచ్ కొన్న దగ్గర్నుంచీ ఆయన కాళ్లు నేలమీద ఆనడం లేదు.

"చూసేవాళ్లు వెనక కూర్చోవాలమ్మా."

"చూడ్డానికి కాదు. పోటీకే వచ్చాను. అప్పయమ్మ. బిల్హా నుంచి లోకల్ రైల్లో వచ్చాను."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవరైనా రావచ్చన్నారట కదా బాబూ?"

అన్నాడు మరి. రాసుకోక తప్పలేదు.

ఆ ఏడాది, అంటే 2004లో, బహుమతి మామూలుది కాదు. సాయంత్రం రాయపూర్ నుంచి రేడియో వాళ్లు వస్తారు. గెలిచినవాళ్ల చేత ఒక కీర్తన పాడించి రికార్డు చేసుకుంటారు.

"గెలిస్తే ఏం పాడతారు?" పక్క కుర్చీలోంచి మైత్రి అడిగింది. రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు చదవడం రాదు. జవాబులన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టింది.

"ఒక కీర్తనుందమ్మా. ఎక్కడా రాసి లేదు. నా ఒక్కదానికే వచ్చు. నాతోటే పోతాదేమోనని బెంగ."

"అచ్ఛా..." అంది మైత్రి.

పోటీ మొదలైంది.

"కీర్తన చివర్లో రాసినవారు పెట్టుకునే గుర్తు?"

"ముద్ర," అంది మైత్రి.

"అయిదు ఘనరాగాలు?"

"నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ." అప్పయమ్మ గుక్క తిప్పుకోలేదు.

కిసుక్కుమన్నవాళ్లు సర్దుకుని కూర్చున్నారు. పల్లవి వినిపిస్తే చాలు, రాగం చెబుతోంది, రాసినవారి పేరు చెబుతోంది, అడక్కపోయినా వాళ్ల ఊరు కూడా చెబుతోంది. ఒక్కొక్కరే ఓడి దిగిపోయారు. చివరికి ఇద్దరే మిగిలారు.

మైత్రి ఒక్క మార్కు ముందుంది. ఆఖరి ప్రశ్నకి రెండు మార్కులు. వంతు అప్పయమ్మది. చెబితే గెలిచినట్టే.

చూసేవాళ్లంతా కుర్చీల్లో ముందుకు జరిగారు.

"ఇది రిటైర్డ్ రైల్వే గార్డు అమ్మన్న గారు ఇచ్చిన ప్రశ్న," అన్నాడు విశ్వనాథం. "ఆయన ఊరెళ్లారు, సాయంత్రం వస్తారు. మన లోకో షెడ్డులో పనిచేసిన ఒకాయన కీర్తనలు కట్టేవారు. 'దీపమెత్తి చూపరావా' అనే పల్లవి ఒక్కటే మనకి మిగిలింది. ఆయన పేరేమిటి?"

స్టాప్‌వాచ్ నొక్కాడు.

అప్పయమ్మ మొహం వెలిగిపోయింది. మరుక్షణమే ఆ వెలుగు పోయింది.

"చెప్పండి."

"తెలుసు బాబూ. షెడ్డులో ఫిట్టరు. చరణాలు మూడు. డ్యూటీ దిగి, మసి చేతులతోటే తాళం వేసుకునేవారు."

"అవన్నీ వద్దమ్మా. పేరొక్కటే చెప్పాలి."

ఆవిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకొకరి చేత చెప్పించొచ్చా?"

"అదెలా కుదురుతుంది? ఒకరి సాయం తీసుకోకూడదు. సగం టైం అయిపోయింది."

"అంకుల్, ఆవిడకి తెలుసు!" అంది మైత్రి.

"తెలిస్తే చెప్పాలిగా?"

మైత్రి ఆవిడ వైపు వంగింది. ఆవిడ చెబితే తను ఓడిపోతుందన్న సంగతే మర్చిపోయింది.

"చెప్పండి అమ్మమ్మా. బస్, నామ్ హీ తో బోల్నా హై. పేరే కదా!"

అప్పయమ్మ కొంగు తీసింది. పెదాలు కలిశాయి. కలిసినవి విడిపోలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం జారాయి.

విశ్వనాథం గంట కొట్టాడు.

"టైం అయిపోయింది. జవాబు, పోలయ్య."

ఆ పేరు వినగానే అప్పయమ్మ లేచి నిలబడింది. వెళ్లిపోవడానికి లేచిందనుకున్నారంతా.

"ఓడిపోయాను సరే బాబూ. ఆ రేడియో వాళ్లని ఒక్క పాట వినమనండి."

"గెలిచినవాళ్లకే అమ్మా. రూల్ అంటే రూలే."

"వయసు మీదపడితే అంతే, పేర్లు గుర్తుండవు," అన్నారెవరో వెనకనుంచి.

ఆ మాట ఆవిడకి వినపడింది. మైత్రి తల నిమిరి, "బాగా పాడమ్మా" అని మెట్లు దిగి వెళ్లిపోయింది.

మైత్రి పాడింది. మధ్యలో రెండుసార్లు ఆగి మళ్లీ అందుకుంది. రేడియో వాళ్లు మైకులు సర్దుకుని రాయపూర్ వెళ్లిపోయారు.

కుర్చీలు మడతపెడుతుండగా అమ్మన్న వచ్చాడు, స్టేషన్ నుంచి నేరుగా, చేతిసంచితో.

"నా ప్రశ్నకి ఎవరైనా చెప్పారేటండీ?"

"ఎక్కడ! ఒక ముసలావిడ తెలుసు తెలుసంటూ టైమంతా తినేసింది. బిల్హా నుంచి వచ్చిందట. అప్పయమ్మట."

అమ్మన్న దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

"అప్పయమ్మా? బతికే ఉందా? క్వార్టర్ ఖాళీ చేసినాక ఎటెళ్లిపోయిందో తెలీక ముప్పై ఏళ్లు ఆరా తీశానండీ! ఆ కీర్తన పూర్తిగా వచ్చింది లోకంలో ఆవిడొక్కర్తికే. ఏదీ, ఎక్కడుంది?"

"లోకల్ ఎక్కి వెళ్లిపోయి ఉంటుంది," అన్నాడు విశ్వనాథం. గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"పాటంతా వచ్చినావిడకి రాసినాయన పేరు తెలీకపోవడమేంటి తాతగారూ?" మైత్రి అడిగింది.

అమ్మన్న తల పైకెత్తలేదు.

"తెలీక కాదమ్మా. ఆ కాలం మనిషి, కట్టుకున్నవాడి పేరు నలుగురిలో నోటితో ఎలా చెబుతాది?"