ఇనుముకు దూరంగా

మాస్టారు కిటికీని ఆనుకుని ఉన్న బల్ల మీద అట్ట పరిచారు. దాని కింద చిన్న చిన్న అయస్కాంతాలు చారలుగా పేర్చి ఉన్నాయి.

"సముద్రం అడుగున చీలికలోంచి పైకొచ్చిన లావా గడ్డకట్టేటప్పుడు ఆనాటి అయస్కాంత ఉత్తర దిక్కును తనలో పట్టేసుకుంటుంది. లక్షల ఏళ్లకోసారి ఆ దిక్కు తలకిందులవుతుంది. చీలికకు అటూ ఇటూ చారలు ఒకేలా ఉన్నాయంటే, నేల రెండువైపులా జరుగుతోందన్నమాట. దిక్సూచి పెట్టి చూడండి."

ముందు వరసవాళ్లు పెట్టి చూశారు. ముల్లు చారల్ని లెక్కచేయకుండా కిటికీ వైపే లాగింది.

"దగ్గర్లో ఇనుముందేమో! ఇనుముకు దూరంగా జరగండి," అన్నారు మాస్టారు, ప్రతి బడిలోనూ అన్నట్టే.

ఎవరూ కదల్లేదు. ముందు వరసలోని గడ్డం పెద్దాయన కిటికీ ఇనుప ఊచల వంక, బయటినుంచి తాళం వేసిన తలుపు వంక చూసి నవ్వాడు.

"అంతటి నేలే జరుగుతోందంటున్నారు మాస్టారూ. మమ్మల్ని బారెడు జరగనివ్వమని మాకు శిక్ష వేసిన ఆ జడ్జిగారిక్కూడా ఓ పాఠం చెప్పండి."