మూల విరిగిన పలక

మస్కట్‌లో భర్త వెతికిన ఇంటిని వీడియో కాల్‌లో చూస్తున్న షాయిస్తాకు, వంటింటి గోడలో తాను పోయిన నెల మార్కాపురం ఫ్యాక్టరీలో మూల విరగ్గొట్టిన పలకరాయి కనిపించింది.

విరిగిన రాయిని ఎవరూ ఓడ ఎక్కించరు.

ఇల్లు నచ్చితే రేపే ఇక్కడి అద్దె ఇంటి తాళం ఇచ్చేయాలి. పెట్టెలు కూడా సర్దేసింది.

"ఎట్లుంది ఇల్లు?" అన్నాడు అఫ్రోజ్.

అంతలో వీధి చివరున్న ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు సైరన్ మోగింది. ఫోనులోనూ అదే సైరన్ మోగింది.

"ఏడున్నావయ్యా నువ్వు?"

అఫ్రోజ్ కెమెరాను తన మొహం వైపు తిప్పాడు.

"నేను విమానం ఎక్కనే లేదు షాయిస్తా. ఏజెంటు ముంచినాడు. మొహం చూపలేక ఎనిమిది నెలలుగా మీ ఫ్యాక్టరీ వెనక గదిలోనే ఉన్నా. మీరు పారేసిన రాళ్లతో ఆ గదికే వంటిల్లు కట్టి, మస్కట్ ఇల్లని చూపించినా. నువ్వు పనికొచ్చేది రోజూ కిటికీలోంచి చూస్తానే ఉన్నా."