అరగంటలో చేరుతుంది

“ఇంకో మెసేజ్ కంప్లయింటా?” కొత్తబ్బాయి తల పట్టుకున్నాడు.

“ఈసారి ఫోన్ కాదు, మనిషే వచ్చాడు. పెద్దాయన. కోపంగా కూడా లేడు. నాకదే భయంగా ఉంది,” అంది రిసెప్షన్ అమ్మాయి. “నువ్వే మాట్లాడు. మేనేజర్ దాకా వెళ్తే నీ ఉద్యోగం గాల్లో దీపమే.”

దుకాణాల ఆర్డర్లను డెలివరీ సంస్థకు అందించే ప్రోగ్రాం నడపడం ఆ ఆఫీసు పని. ‘ఈ పార్శిల్ ఈ చిరునామాకు పంపు’ అని ప్రోగ్రాం అడిగితే, ఆ మాటను డెలివరీ సంస్థ సర్వర్‌కు అర్థమయ్యేలా చేరవేసేందుకు లైబ్రరీ అనే రెడీమేడ్ కోడ్ ఒకటి ఉంటుంది. పార్శిల్ కదలగానే అందుకోవాల్సినవారి ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది. పోయిన వారం కొత్తబ్బాయి పాత లైబ్రరీ తీసేసి కొత్తది పెట్టాడు. అప్పట్నుంచీ ఒకరి మెసేజ్‌లు ఇంకొకరికి పోతున్నాయి. నిన్ననే ఒకాయన, తను కొనని ఉయ్యాల ఇంటికి వస్తోందని మెసేజ్ రావడంతో భార్య నిలదీసిందని ఫోన్లో లబలబలాడాడు.

పెద్దాయన లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. కొత్తబ్బాయి తన బల్ల పక్కనున్న ఖాళీ కుర్చీ లాగాడు. దాని మీద చేత్తో కుట్టిన చిన్న దిండు ఒకటుంది, రంగు వెలిసిపోయి.

“అది అలా కింద పడేసి కూర్చోండి సార్. ఎప్పటిదో.”

పెద్దాయన పడెయ్యలేదు. దిండు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“చెప్పండి సార్. మెసేజ్ గురించేనా?”

“అవును బాబూ. సాయంత్రం మెసేజ్. పార్శిల్ బయలుదేరింది, అరగంటలో చేరుతుంది అని.”

“మీరేమో ఏమీ కొనలేదు.”

“కొనలేదు.”

“పార్శిల్ కూడా రాలేదు.”

“రాదు. తెలుసు.”

“ఎప్పట్నుంచి సార్ ఇది?”

“ఏళ్ళ నుంచి.”

కొత్తబ్బాయి ముఖం వెలిగింది. ఏళ్ళ నుంచి అంటే తన కొత్త లైబ్రరీ పాపం కాదన్నమాట. “ముందే రావాల్సింది సార్! మీ ఓపికకు దణ్ణం పెట్టాలి.”

“ఓపిక కాదు బాబూ, అసలు నేనొచ్చింది...”

“ఒక్క నిమిషం. మీ నంబరు చెప్పండి, దీని అంతు చూస్తా.”

పెద్దాయన నంబరు చెప్పి, “ఈ సంగతి తేలకపోతే నాకు సాయంత్రాలు గడిచేలా లేవు,” అన్నాడు మెల్లగా.

కిటికీలోంచి ఎండ ఆయన కళ్ళలో పడుతుంటే రిసెప్షన్ అమ్మాయి తెర లాగి, మంచినీళ్ళు పెట్టింది. అడక్కుండానే చేసిన ఆ రెండు పనులకూ ఆయన తల ఊపాడు. ఆఫీసు వదిలే వేళైంది. ఎదుటి వరసలో ఒకావిడ సంచి భుజాన వేసుకుంటూ ఫోన్లో అంటోంది: “ఆ, బయల్దేరా. అరగంట. ఆకలి దంచేస్తోంది.” ఆమె తలుపు దాటేదాకా పెద్దాయన అటే చూశాడు.

కొత్తబ్బాయి ఇప్పటి ప్రోగ్రాం అంతా వెతికాడు. ఆ నంబరు ఎక్కడా లేదు. పాత కాపీ తెరిచి వెతికాడు.

“దొరికింది! ఇది పరీక్ష డెలివరీ సార్. నాకు ముందు ఇక్కడ పనిచేసినావిడ రాశారు. లైబ్రరీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి రోజూ ఇంటికెళ్ళబోయే ముందు ఓ ఉత్తుత్తి పార్శిల్ పుట్టించేవారు. మెసేజ్ వెళ్ళగానే రద్దు. ఉత్తుత్తి నంబరు పెట్టాల్సిన చోట నిజం నంబరు పెట్టేశారు. తర్వాతెప్పుడో దాన్ని టైమర్‌కి కూడా అప్పజెప్పారు, రోజూ దానంతటదే వెళ్ళేలా.”

“ఆవిడ పోయిన ఏడాది చనిపోయారట,” అంది రిసెప్షన్ అమ్మాయి. “నేను చేరేసరికే లేరు.”

“ఆ సంగతి ప్రోగ్రాంకి ఎవరు చెప్తారు? దాని మానాన అది పంపుతూనే వచ్చింది.”

“ఎవరూ చెప్పలేదు దానికి,” అన్నాడు పెద్దాయన, దిండు కుట్టు మీద వేలు నడిపిస్తూ.

“ఇంతకీ పార్శిల్‌లో ఏముందని రాశారు?” రిసెప్షన్ అమ్మాయి స్క్రీన్ మీదికి వంగింది.

కొత్తబ్బాయి పైకి చదివాడు. “సరుకు: మనిషి, ఒకటి. బరువు: అరవై కిలోలు. సూచన: ఆకలి మీదుంది, టీ పెట్టి ఉంచాలి.”

ఇద్దరూ పకపకా నవ్వారు. పెద్దాయనా నవ్వాడు.

“అరవై శుద్ధ అబద్ధం,” అన్నాడు. “డెబ్బైకి తగ్గేది కాదు.”

వాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. కొత్తబ్బాయి ఆయన ఒళ్ళో దిండు వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు. సార్ అనడానికి నోరు రాలేదు.

“బాబాయ్ గారూ, క్షమించండి. తెలీక ఏదేదో వాగాను. మనిషి పోయాక కూడా రోజూ ఆ మెసేజ్... ఎంత నరకమో ఊహించగలను.” చప్పున ముందుకు వంగాడు. “కానీ ఇక మీకా బాధ లేదు. లైబ్రరీ మార్చినప్పుడు ఈ పాత పరీక్ష మొత్తం నేనే పీకేశాను. ఇంకెప్పటికీ రాదు.”

పెద్దాయన దిండు దులిపి, మూలలు సరిచేసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కనే తన ఫోను పెట్టి, కొత్తబ్బాయి వైపు మెల్లగా జరిపాడు.

“ఆగిపోయిందనే వచ్చాను, బాబూ.”