ఎడమకు లాగే కారు

“ఎడమకు లాగుతాందన్నా. ఎందుకో నువ్వే తేల్చాల,” అంది సారమ్మ, కారు దిగీ దిగకముందే.

లక్ష్మీనారాయణ ముఖం వెలిగింది. నంద్యాలలో కారు షెడ్లకు కొదవలేదు. పక్కకు లాగే బండి వస్తే మాత్రం అందరూ తన దగ్గరికే పంపిస్తారని వచ్చిన ప్రతివాళ్ళకూ ఆయనే చెప్పుకుంటాడు. కాస్త గొప్పలు ఎక్కువే గానీ, మనిషికి పని వచ్చు.

సారమ్మ ఆళ్లగడ్డలో నర్సు. తనకు కారు తోలడం రాదట, బాడుగ డ్రైవరును పెట్టుకుని వచ్చింది. దారి పొడుగునా బండి తిన్నగానే వచ్చిందని ఆ డ్రైవరు అన్నాడు. “నీకు తెలీదులేప్పా,” అని ఆమె అతన్ని టీ తాగి రమ్మని పంపేసింది.

బ్రేకు కొట్టినప్పుడు లాగుతుందా, స్పీడు మీద లాగుతుందా అని అడిగాడు లక్ష్మీనారాయణ. ఆమెకు తెలియదు. పోనీ సారుకు ఫోను చేసి అడగమన్నాడు. అది కుదరదంది. బండి బాగోగులు కూడా పెళ్ళాం నెత్తిన పడేసే మొగుళ్ళను ఆయన చాలామందినే చూశాడు. మనసులోనే నాలుగు తిట్టుకున్నాడు.

“మా పాప జెస్సికా ఈడే హాస్టల్లో ఉందన్నా. బండిలో తప్పేందో తెలుసుకోనిరా, అప్పుడే ఇంటికొస్తానంటాంది. అన్నం గూడా సరిగ్గా తినడం లేదంట.”

పిల్ల బాగా బెదిరినట్టుంది. లక్ష్మీనారాయణకూ ఆడపిల్లలే. ఈ రోజే తేల్చేస్తానని మాటిచ్చాడు.

ముందు గాలి చూశాడు. నాలుగు టైర్లలోనూ సమానంగానే ఉంది. ముందు టైర్లు రెండూ అటుది ఇటు మార్చి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. కారు బుద్ధిగా తిన్నగా పోయింది. ఆ మాట చెబితే ఎవరైనా సంతోషిస్తారు. సారమ్మ ముఖం వాడిపోయింది.

జాకీ మీద లేపాడు. ఎడమ చక్రం చేత్తో తిప్పితే కాస్త బిగుతుగా తిరిగింది. బ్రేకు పట్టేసినట్టుంది అన్నాడు.

ఆమె గబగబా వచ్చి పక్కన వంగింది. “దానికి పక్కకు పోతాదా అన్నా? మనిషి తిప్పకున్నా పోతాదా?” అంది. కళ్ళనిండా ఆశ.

విప్పి చూస్తే లోపల ఎండిన బురద. దులపగానే చక్రం గిర్రున తిరిగింది. ఈ మాత్రం బురదకు బండి లాగదమ్మా అన్నాడు. ఆమె లేచి దూరంగా పోయి నిలబడింది.

కార్పెట్ కింద కూడా అదే బురద. కారంతా నీళ్ళ వాసన, ఎన్నిసార్లు కడిగినా పోని వాసన. వానలకు మునిగిందా అని అడిగాడు. వెనక అద్దం మీద సగం ఊడిన బైబిలు వాక్యం స్టిక్కరును సారమ్మ వేలితో అదుముతోంది. అది అంటుకోవడం లేదు, ఆమె వదలడం లేదు.

ఇంతకుముందు ఎవరైనా స్టీరింగు విప్పారా అని అడిగితే మాత్రం ప్రమాణం చేసినట్టు చెప్పింది. ఇంజను బాగుచేయించింది గానీ, ఇంకేదీ ఎవర్నీ ముట్టనియ్యలేదట. టైర్లు కూడా అవేనట.

అలైన్‌మెంట్ మిషను మీద పెట్టి చక్రాల వరస చూశాడు. అదీ సరిగ్గానే ఉంది. ఇక ఆయనకు పౌరుషం వచ్చింది. ఎక్కడ లాగుతుందో అక్కడికే పోదాం పదండమ్మా అన్నాడు.

ఆళ్లగడ్డ దారిలో శిరివెళ్ళ దాటాక, కాలవ పక్కన పోయే రోడ్డు మీదికి తిప్పించింది. ఎడమ వైపు కాలవ నిండుగా పారుతోంది. పొద్దు వాలింది. సారమ్మ సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఒక చోటికి రాగానే “ఈడ” అంది.

వెనకా ముందూ బండ్లు లేవని చూసుకుని లక్ష్మీనారాయణ స్టీరింగు వదిలేశాడు. కారు మెల్లగా కుడికి జరిగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి మళ్ళీ వదిలాడు. మళ్ళీ కుడికే. కారు ఆపి, దిగి రోడ్డు వాటం చూశాడు. నవ్వొచ్చింది ఆయనకు.

“చూడండమ్మా. కాలవ పక్క ఎత్తుంది, వాలంతా కుడికుంది. తోలేటోడు కునుకు తీసినా, చేతులొదిలేసినా ఈడ బండి కుడికే పోతాది. ఎడమకు పోవాలంటే మనిషి పట్టి తిప్పాల్సిందే. మీ బండిలో ఏ తప్పూ లేదు. ధైర్యంగా పాపను ఇంటికి పిల్చుకోని రాండి.”

ఇంత కచ్చితంగా తేల్చినందుకు ఆయనకే ముచ్చటేసింది. ఒక మంచి మాట అంటుందేమోనని చూశాడు.

సారమ్మ కారు దిగి గట్టు అంచుదాకా పోయింది. ఆయన కంగారుగా వెనకే వెళ్ళాడు. ఆమె ఏడవడం లేదు. నీళ్ళకేసి చూస్తోంది.

“వాళ్ళ నాయన తనంతట తానే ఈ కాలవలోకి తిప్పుకున్నాడని ఆ పాపకు నేనెట్ల చెప్పేదన్నా?”