వెనక అడుగులు

దర్జీ ఆగాడు. వెనక అడుగుల చప్పుడూ ఆగింది.

కదిలాడు. చప్పుడూ కదిలింది.

డెబ్బై ఏళ్ల గుండె చొక్కా గుండీలు తెంపేసేలా కొట్టుకుంది.

ఎలాగో ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మాయ్, వాడు ఇవాళా నా వెనకే వచ్చాడు."

"రోడ్డు మన సొంతం కాదుగా మామయ్యా" అంది కోడలు తల దువ్వుకుంటూ. "బీపీకి మందుంది గానీ, మీ భయానికి లేదు."

"నువ్వో అబ్బాయో ఒకరు తోడు రావచ్చుగా?"

"నాకు ఆఫీసు. ఆయన లేచేదే ఎనిమిదింటికి. రోజూ అరగంట నడవకపోతే పక్షవాతం వస్తుందన్నారు డాక్టరు. వచ్చేది మీకు, నాకు కాదు."

ఇంట్లో అందరూ నడవమనేవాళ్లే. నడిచేవాడు ఒక్కడు.

నడవకపోతే పక్షవాతం. నడిస్తే వాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వాడూ వయసు మళ్లినవాడే. అయితేనేం? వాడి చొక్కా భుజాలు రెండంగుళాలు కిందికి జారి ఉండటం దర్జీ మొదటి రోజే చూశాడు. నలభై ఏళ్లు టేపు పట్టిన కన్ను అది.

ఆ చొక్కా వాడి కొలత కాదు. ఎవరి దండెం మీద నుంచో లాగింది. బట్టలు లాగినవాడు పీక నొక్కడా?

మర్నాటి నుంచి పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తూ నడిచాడు.

తిరిగినప్పుడల్లా వాడు నవ్వేవాడు. ఆ నవ్వుకే దర్జీకి ఒళ్లు చల్లబడేది.

చివరికి ఒక రోజు కొడుకు నిద్ర మానుకుని మలుపులో కాపేశాడు.

"ఏయ్! మా నాన్న వెనక ఎందుకు పడ్డావ్?"

"నడకకే బాబూ. ఒక్కణ్ణే నడవాలంటే..."

"ఒక్కడివైతే ఒక్కడివే ఏడువు! మళ్లీ ఈ రోడ్డు మీద కనబడితే పోలీసులకి అప్పజెప్తా."

వాడు తలూపి, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయాడు.

"చూశావా నాన్నా? ఒక్క అరుపు చాలు" అన్నాడు కొడుకు. మర్నాడు మళ్లీ ఎనిమిదింటికే లేచాడు.

ఇప్పుడు వెనక చప్పుడు లేదు. అయినా దర్జీ తిరిగి చూడటం మానలేదు. ఖాళీ రోడ్డు చూస్తే ఇంకో భయం పట్టుకుంది. ఇక్కడ పడితే చూసేదెవరు?

నెల తిరిగాక క్లినిక్‌కి వెళ్లాడు. నర్సు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది.

"బాగా పెరిగింది తాతగారూ. మీ స్నేహితుడు పోయాడని దిగులా?"

"ఏ స్నేహితుడమ్మా?"

"అదే, రోజూ మీతో నడిచేవాడు. జబ్బుతో సగమైపోయి, పాత చొక్కాలు వేలాడుతూ ఉండేవి పాపం. నా అన్నవాళ్లు లేరు. నడక ఎందుకు మానావంటే 'తోడు పోయింది సిస్టర్' అన్నాడు. పోయిన వారం గదిలోనే పక్షవాతం. రెండు రోజుల దాకా ఎవరికీ తెలీదట."

దర్జీ తన చొక్కా భుజం తడుముకున్నాడు.

"ఎప్పుడొచ్చినా మీ మాటే" అంది నర్సు పట్టీ విప్పుతూ. "'నేను పడిపోతానని భయం లేదు సిస్టర్, ముందు నడిచే దర్జీగారు పది అడుగులకోసారి నా కోసం వెనక్కి తిరిగి చూసుకుంటారు' అనేవాడు."